మారుమనస్సా, మారిన మనస్సా?

సందేహం: మా క్రైస్తవ సంఘంలో ఒకావిడ నగలు తీసివేసి తెల్లచీర కట్టడం మొదలుపెట్టగానే ‘మారుమనస్సు పొందింది’ అన్నారు. ‘మారిన మనస్సు’ అనవద్దా? ‘పశ్చాత్తాపం’ అంటే చాలదా?
– ఒక పాఠకురాలు

సమాధానం: చీర సంగతి మీ సంఘపెద్దలు చూసుకుంటారు, నేను మాట సంగతి చూస్తాను.

పూర్వులు బండి ఱతో ‘మాఱు’ అని రాసేవారు. ‘రెండుమారులు’లోని మారుతో ఇక్కడ పనిలేదు. మనకు కావలసింది ‘వేరొకటి, బదులుగా వచ్చినది’ అనే అర్థం. సవతితల్లి మారుతల్లి, అసలు పేరును దాచేది మారుపేరు. ఈ వరసలో మారుమనస్సంటే పాత మనసుకు చేసిన మరమ్మతు కాదు, దాని చోట కూర్చున్న వేరే మనసు. మారువేషం కూడా ఈ ఇంటి పిల్లే సుమా! కొత్త నిబంధన మూలభాష గ్రీకులో మారుమనస్సుకు ఉన్న మాట ‘మెటనోయా’; అందులో ఉన్నదీ మనసే, కన్నీళ్లు కావు. తమిళ బైబిలు ‘మనసు తిరగండి’ అంటే, మనది ‘మారుమనస్సు పొందుడి’ అంది. పొందుడి అంది గాని చేయుడి అనలేదు. ఈమధ్య కొందరు రేషను బియ్యంలా ‘మారుమనస్సు తీసుకున్నాడు’ అంటున్నారు. నా చెవికి ములుకులా తగులుతుంది.

పశ్చాత్తాపం అంటే, చేసిన పని తరవాత రగిలే మంట. మత్తయి సువార్త 27వ అధ్యాయంలో, యేసును అప్పగించి ఆ ముప్పై వెండినాణేలు తిరిగి తెచ్చిన శిష్యుడు యూదాకు మన బైబిలు వాడింది ఈ మాటే. గ్రీకులోనూ అక్కడ వేరే క్రియే ఉంది. నాణేలు తిరిగొచ్చాయి, అతను ఉరి వేసుకున్నాడు. కాబట్టి ఒకదాని బదులు మరొకటి వాడకండి.

ఇక పైపై మార్పు గురించి మా వేమన. ‘ఆత్మశుద్ధి లేని ఆచారమదియేల, భాండశుద్ధి లేని పాకమేల.’ ఆత్మ పక్కనే వంటకుండను పెట్టాడు, అదీ ఆయన చెయ్యి! చల్ల పులిసిన కుండను పైపైన తోమి అందులో పాలు కాచిచూడండి, విరిగి ముద్దలవుతాయి. మత్తయి 23లో యేసు పరిసయ్యులను, అంటే ఆనాటి యూదుల్లో ఆచారనిష్ఠ గలవారిని, దెప్పిందీ గిన్నెను వెలుపలే కడుగుతారనే. పుదీనాలో, సోపులో, జీలకర్రలో పదోవంతు చెల్లించి, న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేశారట. పోపులపెట్టె ముందు జీలకర్ర లెక్కించే ఆ పెద్దమనిషి వేమన కంటబడి ఉంటే ఇంకో ఆటవెలది పుట్టేది.

‘మారిన మనస్సు’ తప్పనను. ‘ఆమెది మారిన మనస్సు’ అనవచ్చు. ‘మారిన మనస్సు పొందింది’ అంటే మాత్రం చప్పగా ఉంటుంది. ‘మారుమనసు’ అని ఒక సకారంతో రాసినా నేను ఎర్రసిరా తీయను.