బుద్ధగయ రావిచెట్టు అసలుదేనా?

ప్రశ్న: సార్, మొన్న బుద్ధగయ వెళ్లొచ్చాం, రెండున్నర వేల ఏళ్ల కిందట బుద్ధుడు కూర్చున్న చెట్టు ఇదేనని గైడు చెప్పాడు, నిజమేనా? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: చోటు అదేనమ్మా, చెట్టు మాత్రం అది కాదు. పాత చెట్టు 1876లో గాలివానకి పడిపోతే దాని మొలకే 1881లో బ్రిటిష్ పురావస్తు అధికారి అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ నాటించాడు, ఇప్పుడు మీరు చూసింది అదే. అసలు ఈ చెట్టు పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. అశోకుడికి ఎప్పుడూ దీని ధ్యాసేనని రాణి తిష్యరక్షిత కుళ్లుకుని చెట్టుని చంపించిందని సింహళ గ్రంథం మహావంశం చెప్తుంది (చెట్టుతో కూడా సవతి పోరేనా!). 7వ శతాబ్దంలో గౌడ దేశపు (ఇప్పటి బెంగాల్) రాజు శశాంకుడు నరికించి తగలబెట్టిస్తే మగధ రాజు పూర్ణవర్మ వేళ్లకి ఆవుపాలు పోయించి బతికించాడని చైనా యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగ్ రాశాడు, పాల సంగతి కథగానే తీసుకోండి. పాత చెట్టే చూడాలంటే శ్రీలంకలో అనురాధపురం వెళ్లాలి, క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడి కూతురు సంఘమిత్ర బుద్ధగయ చెట్టు కొమ్మ అక్కడికి తీసుకెళ్లిందంటారు, అది ఇంకా పచ్చగానే ఉంది, సారనాథ్‌లో మూలగంధకుటి విహారం పక్కన ఉన్నది కూడా దాని పిల్లే.