ఆస్కార్లు, గోల్డ్‌ఫిష్, నియాన్ టెట్రాలు ఒకే తొట్టిలోనా?

మీ 4×2×2 అడుగుల తొట్టిలో ఈ మూడు రకాల చేపలూ కలిపి వేద్దామని అడిగారు. దయచేసి వద్దండీ. ఆస్కార్ అడుగు దాకా పెరుగుతుంది, నియాన్ టెట్రాల్లాంటి నోట్లో పట్టే చిన్న చేపనల్లా మింగేస్తుంది. గోల్డ్‌ఫిష్‌కేమో చల్లటి నీళ్లు కావాలి.

మీది బకెట్లకు తెల్లగా సున్నం పట్టే బోరు నీళ్లన్నారు కదా, ఆ నీళ్లు ఆఫ్రికాలోని మలావి సరస్సు చేపలైన సిక్లిడ్లకు బాగా సరిపడతాయి. రంగులైతే కన్నులపండువే! బండలు పేర్చి దాక్కునే చోట్లు ఇవ్వండి, కొట్లాటలు తగ్గుతాయి.

మీ తొట్టిలో పట్టే 450 లీటర్లకు గంటకు 2,000 లీటర్లు తిప్పే క్యానిస్టర్ ఫిల్టర్ (తొట్టి బయట పెట్టే డబ్బా ఫిల్టర్) తీసుకోండి. డబ్బు లైట్ల దగ్గర మిగుల్చుకోండి, ఇక్కడ కాదు. నీళ్ల బరువే 450 కిలోలు, స్టాండు గట్టి ఇనుముతో చేయించండి.

తొందరపడి వెంటనే చేపలు తేకండి. ఫిల్టర్‌లో చేపల వ్యర్థాల విషాన్ని విరిచే మంచి బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగైదు వారాలు పడుతుంది. నీళ్ల పరీక్షలో ఆ విషాలు, అంటే అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే మొదటి చేపలు దింపండి.