మధ్యలో మీరెందుకమ్మా?

"మా అబ్బాయికి 17 ఏళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. వాడి కాలిక్యులేటర్ కవర్లో గంజాయి పొట్లం, చుట్టుకునే పేపర్లు, కళ్లలో వేసుకునే చుక్కల మందు దొరికాయి. నిలదీస్తే నాకే క్లాసు పీకాడు. చెట్టు ఆకే కదా అన్నాడు. అమెరికాలో షాపుల్లో అమ్ముతారట, డాక్టర్లే వాడమంటారట. నాన్న రోజూ తాగే మందు కంటే నయమట. అది తాగితేనే నిద్ర పడుతోందట. పదో తరగతి మార్కుల గొడవ తర్వాత తండ్రీకొడుకులకు మాటల్లేవు. ఫీజు కూడా నేనే అడిగి ఇప్పిస్తాను. ఆయనకు తెలిస్తే చంపేస్తారు. ఆయనకు తెలియకుండా మూత్ర పరీక్ష కిట్ తెప్పించమంటారా? బెంగళూరులో మా తమ్ముడి దగ్గరికి పంపేయమంటారా?"
– ఒక తల్లి, విశాఖపట్నం

అమ్మా, కిట్ వద్దు. తాగుతున్నానని వాడే ఒప్పుకున్నాక ఇంక పరీక్ష దేనికి? తమ్ముడి దగ్గరికీ వద్దు. గంజాయి బెంగళూరులోనూ దొరుకుతుంది, అక్కడ వాడిని కనిపెట్టుకుని ఉండే తల్లి మాత్రం ఉండదు.

మీ ఉత్తరమంతా గంజాయి గురించే. "ఫీజు కూడా నేనే అడిగి ఇప్పిస్తాను" అన్నది ఒక్క వాక్యం. నేను ఆగిపోయింది అక్కడే.

ముందు వాడి మాటల సంగతి చూద్దాం. వాడు చెప్పినవి పూర్తి అబద్ధాలు కావు, సగం నిజాలు. చెట్టు ఆకే, కానీ ఉమ్మెత్త కూడా చెట్టే. కేన్సర్ చికిత్సలో వచ్చే వాంతులకు, కొన్ని రకాల మూర్ఛలకు గంజాయి రసాయనాలతో చేసిన మందులు వాడే మాట నిజమే. అవి డాక్టరు కొలిచి ఇచ్చేవి, కాలేజీ వెనక సందులో కొనేవి కావు. అమెరికాలో సరదాకి తాగడానికి అనుమతించిన రాష్ట్రాల్లో కూడా 21 ఏళ్లు నిండనివాళ్లకు అమ్మరు. మెదడు పాతికేళ్ల దాకా ఇంకా తయారవుతూనే ఉంటుంది. ఈ వయసులో తరచూ తాగితే జ్ఞాపకశక్తి, ఏకాగ్రత దెబ్బతింటాయి. కొందరికి లేనిపోని అనుమానాలు, చెవిలో మాటలు మొదలవుతాయి. వంశంలో మానసిక జబ్బు ఉంటే ఆ ప్రమాదం మరీ ఎక్కువ. టీనేజీలో మొదలుపెట్టినవాళ్లలో దాదాపు ఆరుగురిలో ఒకరు దానికి బానిసవుతారని అంచనా.

ఇవన్నీ చెప్పినా వాడు వింటాడని నేననుకోను. ఈ వయసు పిల్లలు లాభాన్ని ఈ రాత్రికే లెక్క వేసుకుంటారు, నష్టాన్ని ఎవరో పక్కవాడి ఖాతాలో రాసేస్తారు. వాడి లాభం ఏమిటో మీకు చెప్పేశాడు. నిద్ర. మొదట్లో నిజంగానే నిద్ర పడుతుంది. అలవాటయ్యాక ఒక్కరోజు మానితే నిద్ర ఉండదు, చిరాకు పెరుగుతుంది. అది లేకుండా బతకలేనని అప్పుడు నమ్ముతాడు. 17 ఏళ్ల పిల్లాడికి నిద్ర ఎందుకు పట్టడం లేదని ఆ ఇంట్లో ఎవరైనా అడిగారా?

"నాన్న తాగే మందు కంటే నయం" అన్నప్పుడు మీరేం జవాబిచ్చారో రాయలేదు. వాడు వాదన గెలవడానికి మాత్రమే ఆ మాట అనలేదమ్మా. టెన్షన్‌కి విరుగుడు ఏమిటో రోజూ హాల్లో చూస్తూ పెరిగాడు. ఆ మాట వినాల్సింది మీరు కాదు, ఆయన. అది ఆయన దాకా పోకుండా అడ్డంగా నిలబడ్డది మీరు. దాదాపు రెండేళ్లుగా ఒకే కప్పు కింద ఉన్న ఇద్దరి మధ్య మీరు పోస్ట్‌మ్యాన్ ఉద్యోగం చేస్తున్నారు. కొడుకును కాపాడుతున్నానని మీ నమ్మకం. వాడికి తండ్రి లేకుండా చేస్తున్నారని నా భయం. ఇంటిగుట్టు బయటివాళ్ల దగ్గర దాచాలి. ఇంటాయన దగ్గర దాచేదాన్ని గుట్టు అనరు.

నాన్నకు చెప్పబోతున్నానని ముందు అబ్బాయికే చెప్పండి. వెనకాల చెబితే మీ మీద ఉన్న ఆ కాస్త నమ్మకమూ పోతుంది. ఆయనకు రాత్రి సీసా తీశాక కాదు, పొద్దున కాఫీ తాగేటప్పుడు చెప్పండి. ఆయన చెయ్యి చేసుకునే మనిషైతే, ఆయన గౌరవించే పెద్దవాళ్లు ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకోండి. కొడుకు అన్న మాట ఒక్క అక్షరం తగ్గించకుండా చెప్పండి, ఆ మందు సంగతితో సహా.

తర్వాత సైకియాట్రిస్టుకు చూపించాలి. మీ ఊళ్లోనే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. చుట్టాలు ఏమనుకుంటారోనని ఆ గేటు దగ్గర వెనకాడకండి. ముందు ఫోన్లో మాట్లాడాలనుకుంటే వ్యసన విముక్తికి 14446, మానసిక సమస్యలకు 14416 ఉన్నాయి, రెండూ ఉచితమే. వాడు ఎవరో వెంటాడుతున్నారని, ఎవరివో గొంతులు వినిపిస్తున్నాయని అంటే మాత్రం ఆ రోజే తీసుకెళ్లాలి. పోలీసు భయం ఉంటే ఇదీ తెలుసుకోండి: 1985 నాటి మత్తు పదార్థాల చట్టంలో తాగినందుకు జైలు ఉంది, తనంతట తాను చికిత్సకు వచ్చిన బానిసకు కేసు నుంచి రక్షణ కూడా ఉంది.

ఆసుపత్రికి మీరు వెళ్లకండి. ఆయన్నే తీసుకెళ్లమనండి, బండి మీద, వాడిని వెనక కూర్చోబెట్టుకుని. దారిలో ఏం మాట్లాడుకున్నారని తిరిగొచ్చాక ఇద్దరిలో ఎవరినీ అడగకండి.