జుమ్మా నాడు రూమ్‌లో పడుకోకు

మెట్‌పల్లి

అల్లుడా,

మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట నా చెవిలోంచి పోవడం లేదు. "రెండేళ్లయింది మామా, సైటు, రూమ్, సూపర్ మార్కెట్ తప్ప మస్కట్‌లో ఏం చూడలే" అన్నావు. ఫోన్‌లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావని రాస్తున్నాను.

నేను పదిహేడేళ్లు గల్ఫ్‌లో బండి నడిపాను. ముందు బహ్రెయిన్, తర్వాత ఒమన్. కొత్తలో నాకూ శుక్రవారం సెలవు, అదే జుమ్మా, అంటే బట్టలుతకడం, మటన్ వండుకోవడం, పేకాట, నిద్ర. లేచేసరికి చీకటి పడేది. మళ్లీ శనివారం డ్యూటీ.

"ప్రపంచంలో వింత చోట్లు" అని వీడియోలు వస్తుంటాయి కదా, వాటిని నమ్ముకొని బయలుదేరకు. అట్లా పోయినవాళ్లకు ఫొటోలే మిగులుతాయి. నా పద్ధతి వేరే ఉండేది. మన ఊళ్లో నాకు బాగా ఎరుకైన వస్తువు ఒకటి పట్టుకొని, ఇక్కడ ఇది ఎట్లుంటది అని అడుక్కుంటూ పోయేవాణ్ణి. పొలమోణ్ణి కాబట్టి మొదట నీళ్ల గురించే అడిగాను.

అందుకే నువ్వు కూడా నిజ్వా పట్నంతో మొదలుపెట్టు. మస్కట్‌లో రువీ నుంచి బస్సుంది, 160 కిలోమీటర్ల దాకా ఉంటుంది. గురువారం రాత్రే చేరుకుంటే జుమ్మా పొద్దున మేకల అంగడి దొరుకుతుంది. మన అంగట్లో తువ్వాల కింద వేళ్లు పట్టుకొని బేరం చేస్తారు చూడు, అక్కడ దాపరికం లేదు. అమ్మేవాడే మేకను పట్టుకొని గుండ్రంగా తిరుగుతుంటాడు, చుట్టూ కూర్చున్నవాళ్లు ధర పెంచుతుంటారు. ఎండ ముదిరేలోపే అంగడి ఖాళీ.

తర్వాత టాక్సీ పట్టుకొని ఫలజ్ దారిస్‌కు పో. చూడడానికి అదొక కాలువ, అంతే. మొదటిసారి నేను "దీనికోసమా ఇంత దూరం వచ్చింది" అనుకున్నాను. ఒక ముసలాయన వచ్చీరాని హిందీలో చెబితే అప్పుడు నోరు తెరిచాను. గుట్ట కింద ఊటబావి తవ్వి, అక్కడి నుంచి భూమి లోపల సొరంగం తీసి, వెంట్రుకవాసి వాలుతో నీళ్లను ఊరి దాకా తెస్తారు. మోటారు లేదు, కరెంటు లేదు. ముందు తాగడానికి, తర్వాత మసీదుకు, ఆ తర్వాత ఖర్జూరపు తోటలకు. ఎవరి వంతు ఎంతసేపో పగలు పాతిన కర్ర నీడ చూసి, రాత్రి చుక్కలు చూసి లెక్కగట్టేవారు. వంతులు చూడడానికి మన నీరటిలాంటి మనిషి అక్కడా ఉంటాడు. ఇట్లాంటి ఫలజ్‌లు ఒమన్‌లో దాదాపు 3,000 ఇప్పటికీ పారుతున్నాయి. వాటిలో అయిదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు, దారిస్ అందులో ఒకటి. నేను గట్టు మీద కూర్చొని నీళ్లలో కాళ్లు పెట్టి, మన పొలంలో ఎండిపోయిన నాలుగు బోర్లనూ యాది చేసుకున్నాను. మీ తాత బతికుంటే తీసుకుపోయి చూపించేవాణ్ణి.

ఇక చెట్టు. ఇది బహ్రెయిన్ ముచ్చట, నువ్వు ఎప్పుడైనా అటు పోతే చూడు. ఆ దేశం దక్షిణాన ఎడారి మధ్యలో ఒకే ఒక్క చెట్టు ఉంటుంది. దాన్ని "జీవవృక్షం" అంటారు. వయసు 400 ఏళ్లపైనే, ఎత్తు దాదాపు 10 మీటర్లు. పక్కన చెరువు లేదు, బావి లేదు. అది ఏ చెట్టో తెలుసా? మన జమ్మి! అరబ్బులు ఘాఫ్ అంటారు.

ఆ ఏడు దసరా జుమ్మా నాడే వచ్చింది. నలుగురం కంపెనీ పికప్‌లో బయలుదేరాం. నేను పెద్ద డ్రైవర్‌నని ఫోజు కొట్టి తారు రోడ్డు వదిలి అడ్డదారిలో దింపాను. రెండు వందల గజాలు పోయామో లేదో, వెనక చక్రాలు ఇరుసు దాకా ఇసుకలో కూరుకుపోయాయి. ఎంత యాక్సిలరేటర్ తొక్కితే అంత కిందికి. పదకొండింటి నుంచి మూడున్నర దాకా చేతులతో ఇసుక తోడాం, ఉన్న రెండు బాటిళ్ల నీళ్లూ అయిపోయాయి. చివరికి ఒక అరబ్ పెద్దమనిషి జీపులో అటు వచ్చాడు. మమ్మల్ని చూసి తిట్టలేదు, నవ్వలేదు. కూర్చొని టైరు వాల్వ్‌ను తాళం చెవితో నొక్కి, నాలుగు టైర్ల గాలీ సగానికి తీశాడు. టైరు కింద చపాతీలా పరుచుకుంది. తాడు కట్టి ఒక్క గుంజు గుంజితే బండి బయటికొచ్చింది. గాలి తీస్తే బండి ఇసుక మీద తేలుతుందని ఆ రోజు దాకా నాకు తెలియదు. తారు రోడ్డెక్కగానే గాలి మళ్లీ నింపుకోవాలి, అదీ ఆయనే చెప్పాడు.

చెట్టు దగ్గరికి చేరేసరికి పొద్దు గుంకుతోంది. కొమ్మ విరవలేదు, కింద రాలిన ఆకులు నాలుగు ఏరుకొని "బంగారం" అని ఒకరి చేతిలో ఒకరం పెట్టి అలాయ్ బలాయ్ తీసుకున్నాం. మావెంట వచ్చిన ఆ పెద్దమనిషి చేతిలో కూడా పెట్టాను. ఆయన ఆకును అటూ ఇటూ తిప్పి చూసి జేబులో వేసుకున్నాడు.

జమ్మి మన తెలంగాణ రాష్ట్ర వృక్షం, దుబాయ్ ఉన్న ఎమిరేట్స్‌కు అదే జాతీయ వృక్షం. నీకు ఒమన్‌లో కూడా కనబడుతుంది. పాలపిట్ట సైతం అక్కడ తిరుగుతుంటుంది, కరెంటు తీగల మీద చూస్తూ ఉండు. దసరాకు లీవ్ దొరకలేదని ఏడవాల్సిన పని లేదు.

నీళ్లు, చెట్టు అయ్యాయి, ఇక గుర్రం. దాని సంగతి మస్కట్ నుంచి సూర్ పట్నానికి పోయే దారిలో ఉంది. సూర్ ఇంకాస్త దూరం ఉందనగా సముద్రపు ఒడ్డున ఖల్హాత్ అని పాడుబడ్డ పట్నం. బీబీ మరియం గోరీ తప్ప నిలబడ్డ కట్టడం లేదు, మిగతావి పునాదులు, పగడపు రాళ్ల గుట్టలు. ఇక్కడి నుంచి గుర్రాలను ఓడలకెక్కించి ఇండియాకు పంపేవారని మార్కో పోలో రాశాడు. అదే మార్కో పోలో మన కాకతీయుల రేవు మోటుపల్లి గురించీ, అక్కడ ఏలే రాణి గురించీ రాశాడు. ఆ రాణి రుద్రమదేవేనని చరిత్ర చదివినవాళ్లు చెబుతారు. బడి నుంచి వరంగల్ కోటకు తీసుకుపోయినప్పుడు నువ్వు తోరణం కింద ఫొటో దిగావు కదా, ఆ కాలం ముచ్చట ఇది. 1508లో పోర్చుగీసువాళ్లు ఖల్హాత్‌ను కొల్లగొట్టారు. పోయే ముందు లోపలికి రానిస్తున్నారో లేదో అడిగి పో. అదే దారిలో బిమ్మా గుంత కూడా ఉంది, నీళ్లు నీలంగా ఉంటాయి, చేపపిల్లలు కాళ్లు కొరుకుతాయి. పిల్లలకు బాగుంటుంది.

గుట్టలు ఇష్టమైతే ఒమన్‌లోనే ఇబ్రీ దిక్కున్న అల్ అయిన్‌కు పో, ఎమిరేట్స్‌లోని అల్ అయిన్ కాదు. వరిగుమ్ముల్లాంటి రాతి సమాధులు వరుసగా నిలబడి ఉంటాయి, నాలుగు వేల ఏళ్లు దాటినవి. సున్నం లేదు, బంక లేదు. అక్కడికి బస్సు పోదు, సోపతిగాళ్లతో కలిసి కారు మాట్లాడుకో.

వాదీల దగ్గర, అంటే గుట్టల మధ్య వాగుల దగ్గర, మాత్రం నా మాట విను. నీ నెత్తి మీద ఎండ ఉన్నా ఎక్కడో గుట్టల్లో వాన పడితే వాగు ఒక్కసారిగా వస్తుంది. పారే వాదీలో బండి దింపితే ప్రాణం పోవచ్చు, బతికితే పోలీసు కేసు. బతాకా, అదే నీ గుర్తింపు కార్డు, జేబులో ఉండాలి. మనిషికి అయిదు లీటర్ల నీళ్లు, కుబూస్ రొట్టెలు, ఖర్జూరాలు. ఆడవాళ్ల ఫొటోలు తీయకు.

ఒక సంగతి సిగ్గు విడిచి చెబుతున్నా. ఇన్ని తిరిగినవాణ్ణి, జగిత్యాల నుంచి కరీంనగర్ బస్సులో వందలసార్లు పోయినా గంగాధర దగ్గర ఒక్కసారీ దిగలేదు. అక్కడికి దగ్గర్లో కురిక్యాల బొమ్మలగుట్ట ఉంది. పదో శతాబ్దంలో జినవల్లభుడు చెక్కించిన శాసనం, సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి, తెలుగులో కంద పద్యాలున్నాయి. పక్కనే జైన దేవతల బొమ్మలు. పోయిన నెల మొదటిసారి చూసొచ్చాను. మోకాళ్లు నొచ్చి సగంలోనే కూలబడ్డాను, తోడొచ్చిన పిల్లగాడు చెయ్యి పట్టి ఎక్కించాడు.

నువ్వు లీవ్‌కు వచ్చినప్పుడు బండి మీద ఇద్దరం పోదాం. బూట్లు వేసుకో, చెప్పులతో జారుతుంది. వచ్చేటప్పుడు గొడ్డలి మార్కు తైలం రెండు సీసాలు తే. ఒకటి మీ అత్తకు, ఒకటి ఆ గుట్ట ఎక్కడానికి నాకు.

మీ మామ