దున్నపోతు పెదవి ఎత్తితే గేదె ఎదలో ఉన్నట్టేనా?

ప్రశ్న: సార్, మా ముర్రా గేదె ఈని ఐదు నెలలైంది. ఒక్కసారి కూడా అరవలేదు. పక్కింటి దున్నపోతు మాత్రం దీని మూత్రం వాసన చూసి, మెడ చాచి, పై పెదవి ఎత్తి నవ్వినట్టు నిలబడుతోంది. దానికేమైనా జబ్బా? మా గేదెకు ఎదకు తెప్పించే ఎద సూది వేయించమంటారా?
– ఒక పాడి రైతు

జవాబు: దున్నపోతుకు జబ్బేమీ లేదండీ, అది మీ గేదెను పరీక్షిస్తోంది. మూత్రంలో గేదె ఎద సంగతి, అంటే చూలు కట్టడానికి సిద్ధంగా ఉందో లేదో చెప్పే పదార్థాలు కొన్ని మామూలుగా గాలి పీలిస్తే అందవు. అందుకే దున్న మూత్రాన్ని ముక్కుకు, నాలుకకు తగిలించుకుని, పెదవి పైకి మడిచి, పై చిగురు వెనకుండే సన్నటి రంధ్రాల గుండా ముక్కు అడుగున ఉన్న, ఇలాంటి వాసనలు పసిగట్టే జాకబ్‌సన్ అవయవానికి చేరవేస్తుంది. పొట్టేళ్లు, మేకపోతులు, గుర్రాలూ ఇదే చేస్తాయి. అయితే ఎదలో లేని గేదె దగ్గర కూడా దున్న పెదవి ఎత్తి చూస్తుంది, కాబట్టి అదొక్కటే చూసి సూదికి పరిగెత్తకండి. గేదెను వదలకుండా వెంట తిరగడం, దాని నడుము మీద గడ్డం ఆనించడం, అప్పుడు గేదె కదలకుండా నిలబడటం... ఇది అసలైన గుర్తు.

అరవలేదు కాబట్టి ఎదకు రాలేదు అనుకోవడమే చాలామంది చేస్తున్న పొరపాటు, దానివల్ల ఒక్కోసారి తర్వాతి ఎద వచ్చేదాకా 21 రోజుల మేపు ఖర్చు పోతుంది, నాకు బాధ కలిగేది అక్కడే. ఆవుల్లా ఒకదానిమీద ఒకటి ఎక్కడం గేదెల్లో చాలా తక్కువ. ఇలా అరవకుండా, ఎక్కకుండా వచ్చే ఎదనే మూగ ఎద అంటాం, వేసవిలో మరీ ఎక్కువ. అయినా గేదెలో గుర్తులుంటాయి. తెల్లవారుజామున, రాత్రి పడుకోబోయే ముందు తోక ఎత్తి చూడండి: మానం ఉబ్బి లోపల ఎర్రగా ఉండటం, గుడ్డు తెల్లసొనలాంటి తీగలు, మాటిమాటికీ కొంచెం కొంచెం మూత్రం, పాలు సరిగా చేపకపోవడం. తీగలు ఎక్కువగా పడుకున్నప్పుడు జారతాయి కాబట్టి పడుకున్న చోట నేల కూడా చూడాలి.

ఎద 12 నుంచి 24 గంటలు ఉంటుంది, అండం ఎద ముగిశాకే విడుదలవుతుంది. అందుకే ఉదయం కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు ఉదయం చూలు సూది (కృత్రిమ గర్భధారణ) వేయించండి. తీగ తెల్లగా, చీములా ఉంటే మాత్రం వేయించొద్దు, ముందు వైద్యం కావాలి.

ఆ దున్నతో దాటించకండి, గర్భకోశ జబ్బులు అంటుకోవచ్చు. పగ్గం మీద పట్టుకుని రోజూ కాసేపు దగ్గరికి తెచ్చి చూడటం వరకు చాలు. ఎదకు తెప్పించే సూది సొంతంగా వద్దు, ఐదు నెలలైంది కాబట్టి ఈ వారమే పశువైద్యుడితో గర్భకోశం, అండాశయాలు చూపించండి. ఎద కనిపించిన తేదీ క్యాలెండర్ మీద రాసుకుని, 18వ రోజు నుంచి మళ్లీ గమనించండి.