ఉప్పుగాలిలో కారు తాళాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఇంజను, టైర్ల సంగతి కంటే తలుపు తాళాల సంగతే ఎక్కువగా ఉంది. వానలు వెళ్లి ధనుర్మాసపు మంచు మొదలయ్యే ఈ రోజుల్లో డెల్టాలో ఇది మామూలే. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి, నాలుగింటికి జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: మాది సఖినేటిపల్లి దగ్గర ఊరు. కారు కొని ఎనిమిదేళ్లయింది. ఎప్పుడూ రిమోట్‌తోనే తలుపులు తీసి వేసుకుంటాం. పోయిన నెల పంటు మీద గోదావరి దాటి నరసాపురం వెళ్లి, బజారు పని ముగించుకుని కారు దగ్గరకు వచ్చేసరికి రిమోట్ ఎంత నొక్కినా చప్పుడు లేదు. తాళంచెవి పెడితే సగం వరకే దిగి ఆగిపోయింది, బలవంతాన తిప్పబోతే కొద్దిగా వంగింది. తెలిసిన మెకానిక్ వచ్చి ఎలాగో తీసి, తాళంలో నూనె వేయమన్నాడు. ఇంట్లో ఉన్న కొబ్బరినూనె నాలుగు చుక్కలు వేశాను. రెండు వారాలు చక్కగా తిరిగి, ఇప్పుడు మళ్లీ బిగుసుకుంది. తాళం సెట్టు మొత్తం మార్చాలంటారా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, సెట్టు మార్చే ముందు ఒక పూట ఓపిక పట్టండి. మీ తాళం వాడి పాడవలేదు, వాడక పాడయింది. తాళం లోపల చెవి పళ్లకు తగినట్లు పైకీ కిందికీ జరిగే పలుచని ఇత్తడి రేకులు వరుసగా ఉంటాయి, ఒక్కొక్క రేకును ఒక సన్నని స్ప్రింగు నెడుతూ ఉంటుంది. సరైన చెవి పూర్తిగా దిగినప్పుడు రేకులన్నీ ఒకే మట్టానికి వచ్చి, లోపలి గొట్టాన్ని తిరగనిస్తాయి. వాటిలో ఏ ఒక్కటి తన గాడిలో ఇరుక్కున్నా చెవి తిరగదు. మీ ఊరు సముద్రానికి దగ్గర. అంతర్వేది వైపు నుంచి వచ్చే గాలిలో ఉప్పు ఉంటుంది, ఆ ఉప్పుకు తేమను పీల్చుకునే గుణం ఉంది కాబట్టి, వాన పడని రోజున కూడా ఆ గాడుల్లో చెమ్మ పూర్తిగా ఆరదు. రోజూ చెవి పెట్టి తిప్పే తాళంలో ఆ పొర పేరుకోకముందే రాలిపోతుంది. ఏళ్ల తరబడి చెవి ముట్టని తాళంలో అది గట్టిపడి కూర్చుంటుంది.

దీని మీద మీరు వేసిన కొబ్బరినూనె రెండు వారాలు పనిచేయడంలోనూ, ఆ తరువాత మొరాయించడంలోనూ ఆశ్చర్యం లేదు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఈ రోజుల్లో తెల్లవారుజామున మీ వంటింటి సీసాలో నూనె ఎలా తెల్లగా పేరుకుంటుందో, తాళంలో వేసిన నాలుగు చుక్కలూ అలాగే పేరుకున్నాయి. పగటి ఎండకు కరిగినా, దుమ్మును పట్టి జిడ్డుగా మారుతాయి. కోనసీమలో తలకూ, వంటకూ, దీపానికీ పనికివచ్చే నూనె తాళానికి మాత్రం ఎందుకు పనికిరాదని మా నాన్నగారు నాతో వాదించేవారు. ఆయన తాళంకప్పలు మాత్రం ఏడాదికి ఒకటి చొప్పున మారేవి. కుట్టుమిషను నూనె, ఇంజను ఆయిలు గడ్డకట్టవు కానీ దుమ్మును పట్టడంలో వాటికీ తేడా లేదు.

ఇప్పుడు చేయవలసింది ముందు కడగడం, తరువాత ఆరబెట్టడం, చివర పొడి కందెన వేయడం. ఎలక్ట్రికల్ దుకాణాల్లో కాంటాక్ట్ క్లీనర్ అనే స్ప్రే డబ్బా దొరుకుతుంది. దానికి వచ్చే సన్నని గొట్టాన్ని తాళం నోట్లోని చిన్న మూత వెనక్కి దూర్చి రెండు సెకన్లు కొట్టండి. కింద పాత గుడ్డ పట్టుకుంటే పెయింటు మీద కారదు. వెంటనే చెవిని దిగినంత మేర దించి, తిప్పకుండా, బయటకు లాగండి. దాని మీద తేయాకు మడ్డి లాంటి నల్లని పొర వస్తుంది. తుడిచి మళ్లీ దించండి. పది, పదిహేను సార్లు ఇలా చేస్తే చెవి ఒక్కొక్క పన్ను చొప్పున లోతుకు దిగడం మీ వేళ్లకే తెలుస్తుంది. చెవి శుభ్రంగా బయటకు వచ్చేవరకు ఆపవద్దు. అరగంట ఆరనిచ్చాక పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) ఉన్న పొడి స్ప్రేను ఒక్కసారి కొట్టండి, లేదా గ్రాఫైట్ పొడి చిటికెడు ఊదండి. రెండూ దొరకకపోతే మనవడి డ్రాయింగు పెట్టెలోని 6బీ పెన్సిలును చెవి రెండు వైపులా నల్లగా రుద్ది నాలుగైదు సార్లు దించి తీయండి. పెన్సిలు ముల్లు కూడా గ్రాఫైటే. అయితే నూనె తడి ఉన్న తాళంలో గ్రాఫైట్ వేయకండి. నేను ఒకసారి తొందరపడి ఆ పని చేస్తే రెండూ కలిసి కాటుక ముద్దలా తయారై, తలుపు విప్పించి తాళాన్ని బయటకు తీయించవలసి వచ్చింది.

డబ్ల్యూడీ-40 సంగతి చాలామంది అడిగారు. అది 1953లో అమెరికాలో నీటిని తొలగించడానికి తయారైన ద్రవం. పేరులోని రెండు అక్షరాలకు అర్థం అదే, 40 అంటే నలభయ్యో ప్రయత్నం. బిగుసుకున్న తాళాన్ని వదులు చేయడానికి, చెమ్మను బయటకు నెట్టడానికి అది మంచిదే కానీ, దాన్ని కొట్టి అక్కడితో వదిలేస్తే నెలల తరబడి నిలిచే కందెనగా పనిచేయదు.

వంగిన చెవిని సుత్తితో సరిచేసి వాడకండి, ఏదో ఒక రోజు తాళంలోనే విరుగుతుంది. డూప్లికేటు చేయించేటప్పుడు కూడా ఈ చెవిని కాక, కొన్నప్పుడు ఇచ్చిన రెండో చెవిని నమూనాగా ఇవ్వండి, ఎందుకంటే అరిగిన చెవికి నకలు తీస్తే అరుగుదలకూ నకలు వస్తుంది. మీ చెవిలో ఇంజనుకు అనుమతి ఇచ్చే చిప్ ఉంటే, బజారులో కోసే మామూలు చెవి తలుపు తీస్తుంది కానీ బండిని స్టార్ట్ చేయదు. ఆ తేడా ముందే అడిగి తెలుసుకోండి.

ఇక రిమోట్. అందులో సాధారణంగా సీఆర్ 2032 వంటి 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ ఉంటుంది. అది ఒక్క రోజులో చావదు. మొదట ఇరవై అడుగుల దూరం నుంచి పనిచేసే రిమోట్, తరువాత కారును ఆనుకుని నొక్కితేనే పనిచేయడం మొదలుపెడుతుంది. ఆ దశలోనే మార్చాలి. చాలా కార్లకు చెవి రంధ్రం డ్రైవరు తలుపుకు ఒక్కదానికే ఉంటుంది కాబట్టి, కారు బ్యాటరీ దిగిపోయినా, రిమోట్ చచ్చినా లోపలికి మీకున్న దారి అదొక్కటే. పింఛను పడే రోజున నెలకు ఒకసారి ఆ తాళాన్ని చెవితోనే వేసి, చెవితోనే తీయండి. బటను నొక్కి స్టార్ట్ చేసే కార్లలోనూ రిమోట్ లోపల సన్నని చెవి దాగి ఉంటుంది, తలుపు పిడి దగ్గర మూత కింద రంధ్రం ఉంటుంది. వాటిని ఇంటి దగ్గర తీరికగా ఒకసారి వెతికి పెట్టుకోవడం, రేవులో పంటు వచ్చే వేళకు వెతకడం కంటే మేలు.

ప్రశ్న: నాకు ఆకివీడు దగ్గర రొయ్యల చెరువులు ఉన్నాయి. రోజూ గట్ల మీద కారులోనే తిరుగుతాను. డ్రైవరు వైపు తలుపు మెల్లగా వేస్తే పడదు, రెండు మూడు సార్లు గట్టిగా కొట్టాలి. పడ్డాక కూడా తలుపు తెరిచి ఉందన్న ఎర్ర గుర్తు ఒక్కోసారి ఆరదు. మొన్న అసలు పట్టకుండా వెనక్కి తన్నింది. లోపలి పిడికి తాడు కట్టుకుని ఇంటికి వచ్చాను.
– ఒక ఆక్వా రైతు

జవాబు: తాడు కట్టుకుని చేసిన ఆ ప్రయాణం మళ్లీ చేయవద్దు. తలుపు అంచున కనిపించే లాచ్‌లో పంగలాంటి ఒక ఉక్కు ముక్క ఉంటుంది. కారు శరీరానికి బిగించిన స్ట్రైకర్ అనే కడ్డీ ఆ పంగలోకి దూరినప్పుడు అది తిరిగి కడ్డీని పట్టుకుంటుంది. ఈ పట్టు రెండు మెట్లలో జరుగుతుంది: మొదటి టక్కుకు తలుపు సగం పడుతుంది, రెండో టక్కుకు పూర్తిగా పడుతుంది. మీ తలుపు చాలాసార్లు మొదటి మెట్టు దగ్గరే ఆగుతోందని, ఎర్ర గుర్తు ఆరకపోవడానికి కారణం ప్రధానంగా అదేనని నా అంచనా. పంగ పూర్తిగా తిరిగాక కూడా గుర్తు ఆరకపోతే లాచ్‌లో ఉండే చిన్న స్విచ్చిని అనుమానించాలి.

తలుపు తెరిచి పట్టుకుని, స్క్రూడ్రైవరు మొనతో ఆ పంగను మూసే వైపుకు నెట్టండి. రెండు టక్కులు స్పష్టంగా వినిపించాలి. తరువాత బయటి పిడి లాగితే పంగ స్ప్రింగు బలంతో ఒక్క ఊపున వెనక్కి రావాలి. బద్ధకంగా వస్తే, లేదా సగంలో నిలిచిపోతే, జబ్బు అక్కడే ఉంది. ఈ పరీక్ష అయ్యాక పిడి లాగి పంగను తెరిచిన తరువాతే తలుపు వేయాలి. మరచిపోయి మూసిన పంగతో తలుపు వేస్తే ఇనుము ఇనుమును గుద్దుకుని వెనక్కి తన్నుతుంది. మొన్న మీ తలుపు తన్నడానికి కూడా, పంగ ఇరుక్కుని మూసిన స్థితిలోనే ఉండిపోవడం కారణం కావచ్చు.

ఏరేటర్లు చిమ్మే ఉప్పునీటి తుంపర, గట్టు మీది బురద, దాళ్వా (రెండో పంట వరి) నూర్పిళ్లప్పుడు గాలిలో ఎగిరే ఊక, అన్నీ చేరేది ఈ లాచ్‌లోకే. పాత పళ్ల బ్రష్షుతో లోపలి మట్టిని రాల్చి, జిడ్డు వదిలించే స్ప్రే కొట్టి, గుడ్డతో తుడిచి, ఆరాక తెల్ల లిథియం గ్రీజు బఠాణీ గింజంత పంగకు రాయండి. స్ట్రైకరుకు పూత పూసినట్లుంటే చాలు. చక్రాల బేరింగులకు వాడే చిక్కని గ్రీజును అరచేతితో పులమడం మన వైపు అలవాటు, కానీ అందులో ఊక చేరితే ఇసుక కాగితంతో సమానం. ఉప్పునీటి మీద తిరిగే మీ బండికి ఈ పని మూడు నెలలకోసారి అవసరం. మిగతావారికి వానల ముందు ఒకసారి, తరువాత ఒకసారి సరిపోతుంది.

ఇంత చేసినా తలుపు పడకపోతే, దాన్ని సగం తెరిచి వెనుక అంచును రెండు చేతులతో పైకి ఎత్తి చూడండి. కటకటమని ఆడితే బందులు అరిగి తలుపు కిందికి వాలిందని అర్థం. బందులు గట్టిగా ఉంటేనే స్ట్రైకర్ జోలికి వెళ్లాలి. దాని చుట్టూ పెన్సిలుతో గీత గీసి, మరలను కొద్దిగా వదులు చేసి, ఒక్క మిల్లీమీటరు జరిపి చూడాలి. గీత ఉంటే పాత చోటికి తిరిగి రావచ్చు. తలుపు పడటం లేదనగానే స్ట్రైకర్‌ను సుత్తితో కొట్టే మెకానిక్‌లను చాలామందిని చూశాను, వాటిలో సగానికి పైగా సందర్భాల్లో స్ట్రైకర్ తప్పేమీ లేదు. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు అతుక్కుంటే మాత్రం సిలికాన్ స్ప్రే వాడండి. గ్రీజు, ఇంజను ఆయిలు రబ్బరును ఉబ్బిస్తాయి.

ప్రశ్న: మాది అమలాపురం. వానాకాలం అంతా మా కారు ఎడమ వెనుక తలుపు తీసినప్పుడల్లా బిందెలో నీళ్లు కదిలినట్లు చప్పుడు వచ్చేది. ఇప్పుడు ఆ తలుపుకు సెంట్రల్ లాకు పడటం లేదు, మిగతా మూడూ పడుతున్నాయి. మా అబ్బాయి కువైట్‌లో ఉంటాడు. కారు నెలకు రెండుసార్లే తీస్తాం, తక్కిన రోజుల్లో కొబ్బరిచెట్ల కింద టార్పాలిన్ కప్పి ఉంచుతాం.
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, అద్దం పక్క నుంచి తలుపులోకి నీరు దిగడం సహజమే, అది బయటకు పోవడానికి తలుపు అడుగు అంచున చిన్న రంధ్రాలు పెట్టే తయారుచేస్తారు. చెట్ల నుంచి రాలే పూత, పొట్టు, దుమ్ము కలిసి ఆ రంధ్రాలను మూసేస్తాయి. కొత్త చీపురులోంచి ఒక ఈనుపుల్ల లాగి, తలుపు అడుగున వంగి చూస్తూ, ఒక్కొక్క రంధ్రంలో మెల్లగా తిప్పండి. నల్లని నీరు ధారగా పడవచ్చు, చెప్పులు కాస్త దూరంగా పెట్టుకోండి. ఇనుప తీగ మాత్రం వాడకండి, లోపలి పూత గీసుకుని అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది.

మూడు తలుపులు పడుతూ ఒకటే పడకపోతే రిమోటును, ప్రధాన ఫ్యూజును అనుమానించనవసరం లేదు. లాకు వేసేటప్పుడు ఆ తలుపు మీద చెవి ఆనించి వినండి. గరగర చప్పుడు వస్తే లాకును నడిపే చిన్న మోటారు లేదా దాని ప్లాస్టిక్ గేరు పోయినట్లు. ఏ చప్పుడూ లేకపోతే మోటారుకు కరెంటు అందడం లేదేమో చూడాలి. తలుపుకూ, అది వేలాడే కారు స్తంభానికీ మధ్య రబ్బరు తొడుగులో వైర్లు తలుపు తీసిన ప్రతిసారీ వంగుతాయి, తెగేది సాధారణంగా అక్కడే. మోటారు మార్చవలసి వస్తే, డోర్ ప్యాడ్ వెనుక ఉండే ప్లాస్టిక్ షీటును చింపకుండా తీసి, మళ్లీ అలాగే అతికించమని మెకానిక్‌కు గట్టిగా చెప్పండి. అది లేకపోతే వచ్చే వానకు నీళ్లు కాలి కింది కార్పెట్టులోకి వస్తాయి.

టార్పాలిన్ గురించి కూడా చెప్పాలి. అది వానను ఆపుతుంది, అడుగు నేల నుంచి లేచే చెమ్మను కూడా బయటకు పోనివ్వదు. గాలి ఆడే గుడ్డ కవరు నయం, రేకుల షెడ్డు అంతకంటే నయం. వారానికి ఒకసారైనా నాలుగు తలుపులూ తీసి గంటసేపు ఎండనివ్వండి. 2022 జులై వరదలో లంక గ్రామాల్లో మునిగిన కార్ల వంటివి ఎవరివద్దనైనా ఇంకా ఉంటే, వాటి తలుపుల్లో ఒండ్రు ఉండిపోయిందేమో ప్యాడ్ విప్పించి చూసుకోవాలి. ఎండినట్లు కనిపించే ఒండ్రు వానాకాలం రాగానే మళ్లీ తడిని పట్టి ఉంచుతుంది. దాన్ని మంచినీటితో కడిగించక తప్పదు.

ప్రశ్న: కుడి వెనుక తలుపు బయటి నుంచి వస్తుంది, లోపలి నుంచి ఎంత లాగినా రాదు. లాచ్ మార్చాలన్నారు.
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: డబ్బు ఇచ్చే ముందు ఆ తలుపు తెరిచి, లాచ్ పైనో కిందో ఉండే గోరంత మీటను చూడండి. పక్కన పిల్లవాడి బొమ్మ ఉంటుంది. అది పిల్లలు లోపలి నుంచి తలుపు తీయకుండా ఆపే చైల్డ్ లాకు. కారు కడిగేటప్పుడు గుడ్డ తగిలి మారిపోవడం నేను చాలాసార్లు చూశాను. కొన్ని కార్లలో మీటకు బదులు గాడి ఉంటుంది, దానిని తాళంచెవి మొనతో తిప్పాలి. మీటను మార్చాక, అద్దం కిందికి దించి, లోపల కూర్చుని ఒకసారి తీసి చూసుకోండి. అప్పటికీ రాకపోతేనే లాచ్ దాకా వెళ్లండి.