పదిహేడేళ్లు చేశాను, పదిహేను నిమిషాల్లో పంపేశారు

ప్రశ్న: నా వయసు 43. హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీలో 17 ఏళ్లు పనిచేశాను. ఎక్కువ జీతంతో బయట ఆఫర్లు వచ్చినా వెళ్లలేదు. మూడు వారాల కిందట హెచ్‌ఆర్ వాళ్లు పిలిచారు. రాజీనామా చేస్తే మూడు నెలల జీతం ఇస్తామన్నారు. సంతకం పెట్టేశాను. అంతా కలిపి పదిహేను నిమిషాలు. తొమ్మిదేళ్లు నా మేనేజర్‌గా ఉన్నాయన తల కూడా ఎత్తలేదు. ఇంట్లో చెప్పలేదు. రోజూ టిఫిన్ బాక్సు తప్ప ఏమీ లేని బ్యాగు తగిలించుకుని వెళ్లి అమీర్‌పేటలో కూర్చుంటున్నాను. మా పాప ఇంటర్ సెకండియర్. ఖమ్మంలో ఉండే నాన్న ఆర్టీసీలో 31 ఏళ్లు చేసి, శాలువా కప్పించుకుని రిటైరైన మనిషి. ఆయనకు ఏ మొహం పెట్టుకుని చెప్పను? రెండేళ్ల కిందట నా టీమ్ నుంచి ఇద్దరి పేర్లు, తీసేయాల్సినవాళ్ల లిస్టులో ఇచ్చింది కూడా నేనే. రాత్రిళ్లు బాల్కనీలో నిలబడితే పిచ్చి ఆలోచనలు వస్తున్నాయి.

జవాబు: మీ ఉత్తరంలో చివరి వాక్యం దగ్గర నుంచే మొదలుపెడతాను. ఆ ఆలోచనలు వచ్చినప్పుడు ఒంటరిగా ఉండకండి. 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు. ఏ వేళలోనైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. నిద్ర పట్టకపోవడం ఇలాగే కొనసాగితే సైకియాట్రిస్టును కలవండి. జ్వరానికి డాక్టర్ దగ్గరికి వెళ్లినట్టే ఇదీ.

ఇక రెండో మాట. ఈ రోజు సాయంత్రమే మీ భార్యకు చెప్పండి. ఉద్యోగం పోవడం ఎవరింట్లోనైనా జరగొచ్చు. కానీ మూడు వారాలుగా మీరు ఆమె కట్టిన టిఫిన్ బాక్సు పట్టుకెళ్లి ఎక్కడో ఒక్కరే కూర్చుని తిన్నారని తెలిస్తే, ఆమెను బాధపెట్టేది ఉద్యోగం సంగతి కాదు, ఈ సంగతి. రోజు గడిచేకొద్దీ చెప్పాల్సింది పెరుగుతుంది. పాప ముందు వద్దు. ముందు మీరిద్దరూ మాట్లాడుకోండి, మర్నాడు పాపకు చెప్పండి. ఆ వయసు పిల్లలు ఇంట్లో గాలి మారితే ఇట్టే పసిగడతారు. ఏం జరుగుతోందో తెలియక పడే టెన్షన్‌తో ఆమె పరీక్షలకు చదవలేదు.

నాన్నగారి గురించి మీరు పొరబడుతున్నారేమో అనిపిస్తోంది. 2019 అక్టోబరులో తెలంగాణ ఆర్టీసీ సమ్మె జరిగింది గుర్తుందా? 52 రోజులు సాగింది. దాదాపు 48 వేల మందిని ‘సెల్ఫ్ డిస్మిస్’ అన్నారు, అంటే తమంతట తామే ఉద్యోగం వదులుకున్నట్టని. తర్వాత తిరిగి విధుల్లోకి తీసుకున్నారు గానీ, ఆ రెండు నెలలు ఆ ఇళ్లలో ఎలా గడిచాయో మీ నాన్నగారికి తెలియకుండా ఉంటుందా? ఆయనతో డ్యూటీ చేసినవాళ్లు, ఆయన తర్వాత చేరినవాళ్లు అందులో ఉండే ఉంటారు. నమ్మకంగా పనిచేసినంత మాత్రాన ఉద్యోగం నిలుస్తుందని హామీ లేదని ఆయన మీకంటే ముందే చూశారు. ఆ శాలువాను మీకు మీరే కొలబద్దగా పెట్టుకున్నారు.

ఆయన ఉద్యోగానికీ మీ ఉద్యోగానికీ ఒక తేడా ఉంది. ఆయనకు యూనియన్ ఉంది, సర్వీసు రూల్స్ ఉన్నాయి, ఎవరినైనా తీసేయాలంటే ఒక పద్ధతి ఉంది. మీకు మాత్రం ‘మనమంతా ఒక ఫ్యామిలీ’ అన్న మాట ఉంది. ఇద్దరూ ఒకేలా ఇల్లనుకుని చేశారు. ఆ పదిహేడేళ్లు వృథా అయ్యాయని మీకు అనిపిస్తోంది కదా? నేను ఒప్పుకోను. ప్రాజెక్టు ఆగిపోతుందని రాత్రి రెండింటికి లేచి కూర్చున్నది ఆ భవనం కోసం కాదు, పక్కన పనిచేసేవాళ్ల కోసం, చేపట్టిన పని మీద గౌరవంతో. అది మీ గుణం, మీతోనే వచ్చింది. కంపెనీకి మీరేమీ బాకీ లేరు. ఉప్పు తిన్నానన్న భావం ఉంటే, ఆ లెక్క నెలనెలా మీ పనితో తీరిపోయింది.

ఇప్పుడు డబ్బు సంగతి. సంతకం పెట్టాక కూడా మీకు రావాల్సినవి ఉన్నాయి. రాజీనామా చేసినా గ్రాట్యుటీ, అంటే చేసిన ఏళ్ల సర్వీసుకు కంపెనీ ఇచ్చే డబ్బు, పోదు. ఏడాదికి పదిహేను రోజుల వేతనం చొప్పున, నెలను 26 రోజులుగా లెక్కిస్తారు. లెక్కలోకి వచ్చే వేతనం 60 వేలు అనుకుంటే 17 ఏళ్లకు దాదాపు 5 లక్షల 88 వేలు. 30 రోజుల్లో చెల్లించాలి. మూడు నెలల జీతం అన్నదాంట్లో దీన్ని కలిపేశారేమో కాగితాలు తీసి చూడండి. అది విడిగా రావాల్సిన డబ్బు. సెలవుల డబ్బు, రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియెన్స్ లెటర్, ఫారం 16 (జీతంలో కోసిన పన్ను వివరాల పత్రం) అన్నీ మెయిల్‌లో అడగండి, ఫోన్‌లో కాదు. బలవంతంగా సంతకం పెట్టించారని మీకు అనిపిస్తే లేబర్ లాయర్‌ను ఒకసారి కలవండి. హైదరాబాద్‌లో ఇలాంటి రాజీనామాల మీద కార్మిక శాఖను ఆశ్రయించిన ఐటీ ఉద్యోగులు ఉన్నారు.

అన్నిటికంటే తొందరగా చూడాల్సింది హెల్త్ ఇన్సూరెన్స్. కంపెనీ గ్రూప్ పాలసీలో అమ్మానాన్నలు కూడా ఉంటే, అది ఎప్పటివరకు చెల్లుతుందో, అదే బీమా సంస్థలో సొంత పాలసీకి ఎలా మారాలో రేపే అడగండి. పీఎఫ్ మాత్రం తొందరపడి తీయకండి. హోమ్ లోన్ ఉంటే, ఈఎంఐ తప్పకముందే బ్యాంకుకు వెళ్లి మాట్లాడండి.

ఇక ఆ ఇద్దరి సంగతి. మీరు రాసిన దాంట్లో నన్ను ఎక్కువగా కదిలించింది అదే. వాళ్ల పేర్లు ఇచ్చినప్పుడు వాళ్లు చేతకానివాళ్లని మీరు అనుకున్నారా? అనుకుని ఉండరు, అందుకే ఇంకా గుర్తున్నారు. అలాంటప్పుడు ఇవాళ మిమ్మల్ని మీరు చేతకానివాడని ఎందుకు అనుకుంటున్నారు? వాళ్ల నంబర్లు ఉంటే ఫోన్ చేయండి. ఉద్యోగం అడగడానికి వద్దు. ‘ఆ రోజు నేను మీతో సరిగ్గా మాట్లాడలేదు’ అని చెప్పండి. కోప్పడితే వినండి. తల ఎత్తని మనిషి ఎదుట కూర్చుంటే ఎలా ఉంటుందో ఇప్పుడు మీకు తెలుసు.

ఇది మాత్రం రేపటి పని. ఈ రోజు మామూలు వేళ దాకా ఆగకుండా తొందరగా ఇంటికి వెళ్లండి. ‘ఏంటీ ఇంత త్వరగా?’ అని మీ ఆవిడ అడుగుతుంది. అక్కడి నుంచే మాట మొదలుపెట్టండి. ఆ తర్వాత ఏమైందో నాకు తప్పకుండా రాయండి.